కొండల నడుమ ఇరుసు: ఎగువ గోదావరి లాంచీల మరమ్మతు చరిత్ర

తూర్పు కనుమల గిరిజన ప్రాంతంలో మరపడవల చరిత్రను వెతికేవారు అరకులోయ దగ్గరే ఆగిపోతే వారికి దొరికేది చాలా తక్కువ, ఎందుకంటే అక్కడి గెడ్డలు రాళ్ల మీదుగా దూకుతూ పోయేవే తప్ప లాంచీని మోయగల లోతు ఉన్నవి కావు. ఆ కొండల నీరు పోయే దారినే పట్టుకుని దిగువకు నడిచినవారికి మాత్రం ఆ చరిత్ర కనిపిస్తుంది. మాడుగుల కొండల్లో పుట్టి, పాడేరు, పెదబయలు, ముంచంగిపుట్టు వైపు జనం మత్స్యగెడ్డగా ఎరిగిన ప్రవాహం జోలాపుట్టు జలాశయాన్ని నింపి, డుడుమ దగ్గర జలపాతమై దూకి, మాచ్‌ఖండ్ అన్న పేరు వదిలి సీలేరు అన్న పేరు తెచ్చుకుని, మోటు దగ్గర శబరిలోనూ, శబరితో కలిసి కూనవరం దగ్గర గోదావరిలోనూ చేరుతుంది. ఆ తరువాత నది కోయలు, కొండరెడ్లు నివసించే అడవి కొండల మధ్యకు దూరి, పాపిడి తీసినట్టు కొండను రెండుగా చీల్చుకుని పోతుంది కనుకనే ఆ చోటుకు పాపిడికొండలని, వాడుకలో పాపికొండలని పేరు వచ్చిందని స్థానికుల మాట. ఇంగ్లీషు పాలకుల రాతల్లో అదే కొండకు బైసన్ కొండ అన్న పేరు కనిపిస్తుంది. ఈ ఇరుకు లోయలోనే తూర్పు కనుమల మరపడవల కథ ప్రధానంగా నడిచింది.

ఆ కథను పడవ పైభాగం నుంచి కాక, నీటి అడుగున తిరిగే ఒక ఇనుప కడ్డీ వైపు నుంచి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం. ఇంజిన్ పుట్టించే తిప్పుడు బలాన్ని పడవ వెనుక ఉన్న పంకాకు చేరవేసే పొడవాటి గుండ్రటి కడ్డీని లాంచీవాళ్లు షాఫ్ట్ అంటారు. బండి ఇరుసుకు దీనికి పోలిక ఉన్నా, బండి ఇరుసు బరువు మోయడానికి పుట్టినది కాగా ఇది తానే తిరుగుతూ, పంకా నీటిని వెనక్కు నెట్టినప్పుడు పుట్టే ఎదురుతోపును పడవలోకి చేర్చడానికి పుట్టినది. పంకాను రేవుల్లో ఫ్యాను అంటారు. నది స్వభావం పడవలో మరెక్కడా కనబడనంత స్పష్టంగా ఈ కడ్డీ మీద, దాన్ని చుట్టూ పట్టి ఉంచి తిరగనిచ్చే బుష్‌ల మీద, దాని చివరి రెక్కల మీద అచ్చుపడుతుంది. లాంచీ మెకానిక్ విప్పి చూసే ఒక్కో గీతకు, ఒక్కో ఒంపుకు నదిలో ఎక్కడో ఒక కారణం ఉంటుంది.

ఆ కారణాల్లో మొదటిది రాయి. అరకు నుంచి పాపికొండల దాకా తూర్పు కనుమల్లో విస్తారంగా పరచుకున్న శిల ఖొండలైట్, దానికి తోడు చార్నొకైట్. ఈ కొండల్లోని ఖొండు గిరిజనుల పేరు మీదనే ఖొండలైట్‌కు 20వ శతాబ్దపు తొలి సంవత్సరాల్లో భూగర్భ శాస్త్రజ్ఞులు ఆ పేరు పెట్టారు. ఎండకు వానకు త్వరగా పొడిపొడిగా విరిగే ఈ శిలలో స్ఫటికపు రేణువులతో పాటు ఎర్రటి గార్నెట్ గింజలు దండిగా ఉంటాయి. శిల కరిగి మట్టిగా మారినా ఆ గింజలు కరగవు, వాగుల వెంట కొట్టుకొచ్చి నది ఇసుకలో చేరతాయి, అక్కడి నుంచి సముద్రతీరానికి పోయి భీమిలి వైపు ఇసుకలో ఎర్రటి పొరలుగా తేలతాయి. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు కొలిచే మోస్ కొలతలో స్ఫటికం 7 దగ్గర, గార్నెట్ అటూ ఇటూ అదే స్థాయిలో ఉండగా, పడవ బుష్‌లకు, ఫ్యాన్లకు వాడే కంచు 3 దరిదాపుల్లోనే ఉంటుంది. అంటే మన్యం వాగులు వానాకాలంలో మోసుకొచ్చే ఎర్రనీరు లాంచీ అడుగున తిరిగే లోహానికి ఆకురాయి వంటిది. నగల అంగట్లో విలువ కట్టే గోమేదికం కూడా గార్నెట్ జాతిదే కాగా, దాని దాయాదులైన ఈ చిన్న గింజలు నది అడుగున మౌనంగా బుష్‌లను అరగదీస్తూ ఉంటాయి.

ఇంజిన్ రాకముందు ఈ లోయలో ఈ సమస్యే లేదు. పెద్ద మానును తొలిచి చేసిన దోనె, రెండు దోనెలను పక్కపక్కన చేర్చి కట్టిన సంగడి, అడవిలో నరికిన వెదుళ్లను, కలపను కట్టి దిగువకు వదిలే తెప్ప, ఇవే ఇక్కడి పాత వాహనాలు. కలప వ్యాపారుల కింద కొండరెడ్లు చేసిన అడవి కూలీ, నది మీదుగా రాజమహేంద్రవరం వైపు సాగిన వెదురు, కలప రవాణా ఎంత పెద్ద వ్యవహారమో మానవ శాస్త్రజ్ఞుడు క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1945లో ప్రచురించిన బైసన్ కొండల రెడ్ల గ్రంథం చదివితే తెలుస్తుంది. ఆ పడవలను గడ వేసి నడిపినా, తాడు కట్టి ఒడ్డు వెంట లాగినా, తెరచాప ఎత్తినా, బలం ఎప్పుడూ నీటి పైనుంచే పడవకు అందేది. పడవ అడుగుకు కన్నం పెట్టవలసిన అవసరం ఎవరికీ రాలేదు. దోనెకు జబ్బు చేస్తే అది పగులో పుచ్చో అయి ఉండేది, వడ్రంగి కంటికి కనబడేది.

ఆవిరి పడవ వచ్చినప్పుడు కూడా ఈ స్థితి ఒక్కసారిగా మారలేదు. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852 నాటికి పూర్తయిన తరువాత, దాన్ని కట్టించిన ఇంజినీరు ఆర్థర్ కాటన్ దృష్టి డెల్టా కాలువల మీదనే కాక ఎగువ నది మీద కూడా నిలిచింది; బేరారు, నాగపూరు ప్రాంతాల పత్తిని నది మీదుగా తూర్పు తీరానికి దించవచ్చన్నది ఆయన ఆశ. ఆనకట్ట పనిలో ఆయన సహచరుడైన ఎఫ్.టి. హేగ్ నది ప్రయాణయోగ్యతను పరిశీలించి 1856లో నివేదిక రాయగా, నదిలో రాళ్లు అడ్డుపడే మూడు చోట్ల, అంటే దుమ్ముగూడెం, ఇంచంపల్లి, దేవలమర్రి దగ్గర, అడ్డుకట్టలు, పక్క కాలువలు, పడవలను ఎక్కించి దించే లాకులు కట్టే పథకం నడిచింది. దుమ్ముగూడెం దగ్గర మిగిలిన ఆనకట్ట ఆ పథకపు ఆనవాలే. కానీ 1867లో నాగపూరుకు బొంబాయి నుంచి రైలు చేరడంతో పత్తికి మరో దారి దొరికింది, ఖర్చు పెరుగుతూ పోయింది, 1871లో ప్రభుత్వం పథకాన్ని వదిలేసింది.

ఆ కాలంలో ఎగువ నదికి తగినవిగా భావించిన ఆవిరి పడవలు చక్రపు స్టీమర్లు. పడవ పక్కల గాని వెనుక గాని పెద్ద చక్రం అమర్చి, దాని అంచున తెడ్డు పలకలు బిగిస్తే, ఆ పలకలు ఒకదాని వెనుక ఒకటి నీటిలో మునిగి వెనక్కు తోస్తాయి. ఇక్కడ గమనించవలసింది చక్రపు ఇరుసు ఎక్కడుంటుందన్నది. అది నీటి మట్టానికి పైన అడ్డంగా ఉంటుంది. దాని బేరింగులకు చమురు పోయడానికి మనిషి పక్కనే నిలబడగలడు, పలక రాయికి తగిలి విరిగితే వడ్రంగి మరో పలక కొట్టి బిగించగలడు, పడవ మునగడానికి కావలసిన లోతు కూడా కొద్దిగానే ఉంటుంది. ఆ రకంగా చక్రపు స్టీమరు ఆవిరితో నడిచినా, మరమ్మతు విషయంలో దోనెకు దగ్గరి చుట్టమే. 1879 నాటి రంప తిరుగుబాటులో బలగాలకు సరుకులు చేరవేయడానికి ఈ నది స్టీమర్లు పనికొచ్చాయన్నది కూడా ఇక్కడ గుర్తుంచుకోదగిన విషయం. కొండ మీద మూలమూలకు దారిలేని రోజుల్లో నదే ప్రభుత్వానికి దొరికిన రహదారి.

పంకా పడవ కథ వేరుగా మొదలైంది. 1836లో ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్, జాన్ ఎరిక్సన్ ఇంగ్లండులో వేర్వేరుగా మరతిరుగుడు పంకాకు పేటెంట్లు తీసుకోగా, 1845లో బ్రిటిష్ నౌకాదళం పంకాతో నడిచే రాట్లర్‌ను, చక్రంతో నడిచే అలెక్టోను తోకలు కట్టి ఎదురెదురుగా లాగించి చూసింది, రాట్లర్ గెలిచింది. కానీ ఆ గెలుపు ఒక కొత్త చిక్కును వెంట తెచ్చింది. పంకా నీటి అడుగున ఉండాలి కాబట్టి పడవకు నీటి మట్టం కింద కన్నం పెట్టి, ఆ కన్నంలోనుంచి నిరంతరం తిరిగే కడ్డీని బయటకు పంపాలి. కడ్డీ తిరగడానికి సందు కావాలి, ఆ సందులోనుంచి నీరు లోపలికి రాకూడదు. ఈ రెండు కోరికలు ఒకదానికొకటి పొసగనివి. ఇత్తడి బేరింగులు నీటిలో త్వరగా అరిగిపోయి ఓడలను ప్రమాదంలోకి నెట్టసాగినప్పుడు, స్మిత్, ఇంజినీరు జాన్ పెన్ కలిసి 1854లో గుయాకం అనే అతి గట్టి కట్టెను పలకలుగా కోసి కడ్డీ చుట్టూ అమర్చే పద్ధతికి పేటెంటు పొందారు. ఆ కట్టెలో సహజంగా జిగురు నూనె ఉంటుంది కాబట్టి నీరే దానికి కందెన. 20వ శతాబ్దపు మూడవ దశకంలో అమెరికాలో గని పంపుల పనిలో ఉన్న చార్లెస్ షెర్వుడ్ ఆ కట్టె స్థానంలో గాళ్లు తీసిన రబ్బరును ప్రవేశపెట్టాడు. ఇసుక గింజ రబ్బరు మీద పడితే రబ్బరు కొద్దిగా లోపలికి ఒదిగి గింజను దొర్లనిస్తుంది, నీరు ఆ గింజను గాళ్ల వెంట బయటకు కడిగేస్తుంది. గింజ కడ్డీని కోసే అవకాశం తగ్గుతుంది. గార్నెట్ ఇసుక ఉన్న నదికి ఇంతకన్న తగిన ఆవిష్కరణను ఊహించడం కష్టం.

గోదావరి మీద డీజిల్ లాంచీలు రాజమహేంద్రవరం, పోలవరం, దేవీపట్నం, కూనవరం, భద్రాచలం రేవుల మధ్య తిరిగిన కాలంలో ఈ కన్నం, ఈ కడ్డీ, ఈ బుష్ కొండల మధ్యకు వచ్చాయి. పల్లెల నుంచి సంతకు వచ్చే గిరిజనులు, శ్రీరామనవమికి భద్రాచలం పోయే యాత్రికులు, ఉపాధ్యాయులు, కలప వ్యాపారులు ఒకే లాంచీలో ప్రయాణించారు. 1973లో బాపు దర్శకత్వంలో వచ్చిన అందాల రాముడు సినిమా చాలావరకు ఇటువంటి గోదావరి పడవ ప్రయాణం మీదనే నడుస్తుంది. లోయలో రోడ్డు లేని కొండమొదలు, పేరంటపల్లి వంటి పల్లెలకు లాంచీ అంటే ఆసుపత్రి, ఉప్పు, ఉత్తరం అన్నీ అదే. షాఫ్ట్ విరిగి లాంచీ ఆగిన రోజు ఆ పల్లెలకు మిగతా లోకంతో సంబంధం తెగినట్టే.

లాంచీలో ఆ కడ్డీ దారిని ఒకసారి వరుసగా చూడాలి. ఇంజిన్ వెనుక గేరుబాక్సు ఉంటుంది, దాని బయటి కొనకు ఒక ఇనుప పళ్లెం, షాఫ్ట్ లోపలి కొనకు మరో పళ్లెం ఉంటాయి. ఈ రెండు పళ్లేలను బోల్టులతో ముఖాముఖి బిగిస్తే అది కప్లింగ్. అక్కడి నుంచి షాఫ్ట్ వాలుగా కిందికి దిగి పడవ అడుగున బిగించిన ఒక గొట్టంలోకి దూరుతుంది. గొట్టం లోపలి కొనలో నీటిని ఆపే గ్లాండు ఉంటుంది. అందులో గ్రీజు, మైనం పట్టించిన అల్లిక తాడును చుట్టలుగా కూరి, పైనుంచి మరో మూతతో నొక్కి ఉంచుతారు. బయటి కొనలో బుష్ ఉంటుంది. ఆ తరువాత కడ్డీ కొన సన్నబడి, దాని మీద కోసిన గాడిలో చిన్న ఇనుప కీ పెట్టి, ఫ్యాను ఎక్కించి, నట్టు బిగించి, నట్టు జారకుండా చీలిక పిన్ను గుచ్చుతారు. ఫ్యాను వెనుకనే, తీరాంధ్ర పడవవాళ్లు అమరం అని పిలిచే వెనుక కొనను అంటి, చుక్కాని ఉంటుంది. చుక్కాని పని చేయడానికి దాని మీదుగా నీరు ప్రవహించాలి, ఆ ప్రవాహాన్ని ప్రధానంగా ఫ్యానే ఇస్తుంది. కాబట్టి షాఫ్ట్ ఆగితే పడవకు వేగం పోవడమే కాదు, దిశ కూడా పోతుంది. ఇరుకులో, సుడుల దగ్గర ఈ రెండో నష్టమే ఎక్కువ భయంకరమైనది.

నది ఏడాదిలో రెండు ముఖాలు చూపుతుంది, లాంచీ జబ్బులు కూడా అందుకు తగ్గట్టే రెండు జాతులు. ఫాల్గుణ చైత్రాల నుంచి నీరు తగ్గి బండలు, ఇసుక మేటలు పైకి తేలినప్పుడు ఫ్యాను రెక్క బండకు తాకుతుంది, ఇసుకను చిలుకుతుంది. రెక్క అంచు ముడుచుకుంటుంది, దెబ్బ గట్టిదైతే కడ్డీయే ఒంగుతుంది. ఆషాఢం దాటి శబరి ఎరుపెక్కి గోదావరి పోటెత్తినప్పుడు చెట్ల మానులు, వెదుళ్లు, తెగిన వలలు, తాళ్లు కొట్టుకొస్తాయి. భద్రాచలం దగ్గర నీటి మట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది ఇస్తారు. 1986 ఆగస్టులో అది 75 అడుగులు దాటింది. వరద దిగి, ప్రయాణాలు మళ్లీ మొదలయ్యే రోజుల్లో బండలు ఎక్కడ ఏ లోతులో ఉన్నాయో కనబడని మురికినీటిలోనే లాంచీలు తిరగాలి. మూడో జబ్బు ఏ ఋతువుదీ కాదు. ఎర్రనీటి ఇసుక నెలల తరబడి మెల్లగా చేసే అరుగుదల అది.

జబ్బును గుర్తించే పద్ధతి ఈ రేవుల్లోనూ ప్రపంచంలోని ఏ చిన్న పడవల రేవులోనైనా ఒక్కటే మూలసూత్రం మీద నడుస్తుంది: అదురు ఎక్కడ పుడుతున్నదో వేరుచేయడం. లాంచీ వణుకుతున్నప్పుడు ముందు గేరును తటస్థంలో పెట్టి ఇంజినును అదే వేగంలో తిప్పుతారు. వణుకు పోకపోతే తప్పు ఇంజిన్‌లోనో, ఇంజిన్ను పట్టి ఉంచే పునాది బోల్టుల్లోనో ఉన్నట్టు. పోతే తప్పు కప్లింగ్ వెనుక ఉన్నట్టు. తరువాతి మెట్టు చెవిది. తక్కువ వేగంలో వదులుగా టకటక మోగి, వేగం పెరిగితే సద్దుమణిగే చప్పుడు బుష్ అరుగుదలకు గుర్తు. వేగంతో పాటు పెరిగి, తిరుగుడుకొకసారి చొప్పున లయగా కొట్టే అదురు రెక్క దెబ్బతిన్నదనో కడ్డీ ఒంగిందనో చెబుతుంది. ఇంజిన్ ఎంత మొరిగినా పడవ కదలక, వెనుక నురగ పల్చగా ఉంటే కీ తెగి ఫ్యాను కడ్డీ మీద ఊరికే జారుతున్నట్టు. గ్లాండు దగ్గర కాలిన గ్రీజు వాసన వస్తే ఎవరో తాడును అతిగా బిగించినట్టు. ఇవన్నీ పుస్తకాల్లో పట్టికలుగా ఉన్నవే, కానీ లాంచీ నడిపే సరంగు వాటిని పట్టికలుగా నేర్చుకోడు. పాదాల కింద పలక ఎలా అదిరిందో గుర్తుంచుకుని నేర్చుకుంటాడు. ఈ కారణం వల్లనే పాత సరంగు చెప్పే మాటను మంచి మెకానిక్ ఎప్పుడూ తోసిపుచ్చడు.

గ్లాండు విషయంలో సామాన్య బుద్ధికి ఎదురుగా పోయే ఒక సంగతి ఉంది. కొత్తవాడు గ్లాండు నుంచి నీరు చుక్కలుగా కారుతుంటే దాన్ని పూర్తిగా ఆపాలని మూతను బిగిస్తాడు. తాడు గ్లాండుకు ఆ చుక్కలే ప్రాణం. షాఫ్ట్ తిరుగుతున్నప్పుడు నిమిషానికి కొన్ని చుక్కలు కారితేనే తాడు చల్లగా, తడిగా ఉంటుంది, ఆగినప్పుడు కారడం నిలిచిపోవాలి. చుక్క పూర్తిగా ఆగేలా బిగిస్తే తాడు ఎండి గట్టిపడి, దానిలో చిక్కుకున్న ఇసుక గింజలతో కలిసి కడ్డీ మీద గుండ్రంగా గాడి కోస్తుంది. గాడి పడిన తరువాత ఎంత కొత్త తాడు కూరినా నీరు ఆగదు. తాడు మార్చేటప్పుడు కూడా ఒకే పొడుగు తాడును చుట్టచుట్టగా దిగవేయకుండా విడి ఉంగరాలుగా కోసి, ఒక ఉంగరపు అతుకు పక్క ఉంగరపు అతుకుతో కలవకుండా పెట్టాలి; లేకపోతే అతుకుల వరుసే నీటికి కాలువ అవుతుంది.

కప్లింగ్‌ను వరుస చేయడం దీనికన్నా సున్నితమైన పని. రెండు పళ్లేల మధ్య బోల్టులు తీసి, వాటిని దాదాపు తాకేలా దగ్గరికి చేర్చి, పైన, కింద, రెండు పక్కల సన్నని ఉక్కు రేకుల కొలతతో సందు చూస్తారు. పళ్లెం వ్యాసంలో అంగుళానికి అంగుళంలో వెయ్యో వంతు మించి తేడా ఉండకూడదన్నది ఈ పనిలో చాలాకాలంగా నిలిచిన నియమం. నాలుగంగుళాల పళ్లేనికి అది అంగుళంలో వెయ్యికి నాలుగు వంతులు, అంటే మిల్లీమీటరులో పదో వంతు, తలవెంట్రుక మందానికి కొద్దిగా ఎక్కువ. ఈ కొలత పడవ నీటి మీద తేలుతున్నప్పుడే తీసుకోవాలి, ఎందుకంటే చెక్క పడవ ఒడ్డున దిమ్మెల మీద ఉన్నప్పుడు ఒక ఆకారంలో, నీటిలో మరో ఆకారంలో ఉంటుంది. ఒడ్డున చక్కగా వరుస పెట్టిన షాఫ్ట్ నీటిలో దిగగానే వంకర కావడానికి ఇదే కారణం, అనుభవం లేనివారు ఆ వంకరకు బుష్‌ను నిందించి దాన్ని అనవసరంగా మారుస్తారు.

మరమ్మతుకు లాంచీని బయటకు తీయడం కొండల నడుమ ఒక సమస్య. రేవుల్లో పడవను ఎత్తే యంత్రాలు లేనిచోట నదే పొడి రేవుగా పనికొస్తుంది: నీరు తగ్గే రోజుల్లో లాంచీని ఇసుక తిన్నె అంచుకు చేర్చి, పక్కలకు దుంగలు పెట్టి ఉంచితే కొద్ది రోజుల్లో నీరు తనంతట దిగిపోయి అడుగు బయటపడుతుంది. అంత వ్యవధి లేకపోతే ముందు భాగంలో బరువు చేర్చి వెనుక కొనను పైకి లేపుతారు. ఫ్యాను నీటిపైకి వచ్చినంత సేపటిలో తాడు కోసి తీయడమో, రెక్క సరిచేయడమో పూర్తిచేయాలి. ఒంగిన కడ్డీని ప్రెస్సుతో సరిచేయడం, గాడి పడిన చోట లోహం పోసి లేతుపై మళ్లీ చెక్కడం వంటి పనులకు షాఫ్ట్ పట్టణానికి, తరచుగా రాజమహేంద్రవరానికి, చేరవలసిందే. లేతుపై రెండు కొనలు ఆనించి, నడుమ గడియారం వంటి డయల్ కొలతను తాకించి నెమ్మదిగా తిప్పితే ముల్లు ఎంత ఊగిందో అంతే ఒంపు.

పగులును వెతకడానికి ఖరీదైన యంత్రం లేనప్పుడు వాడే ఒక పాత పద్ధతి వివరంగా చెప్పదగినది. కడ్డీ ఎప్పుడూ హఠాత్తుగా విరిగినట్టే కనబడుతుంది కానీ, లోహం చాలా రోజులుగా అలసి ఉంటుంది. కీ గాడి మూలలో వెంట్రుకకన్న సన్నని పగులు పుట్టి, తిరుగుడు తిరుగుడుకూ కొద్దికొద్దిగా లోపలికి పాకి, మిగిలిన మంచి భాగం మోయలేనంత సన్నబడ్డ రోజున తెగుతుంది. ఆ పగులును కంటితో పట్టడం కష్టం. కడ్డీని శుభ్రంగా తుడిచి, కీ గాడి చుట్టూ కిరసనాయిలు బాగా పూసి కొంతసేపు ఉంచుతారు. తరువాత పొడిగుడ్డతో పైనున్న కిరసనాయిలంతా తుడిచేసి, సుద్ద పొడిని పల్చగా రుద్దుతారు. కడ్డీ తెల్లగా పొడిగా కనబడుతుంది. కొద్దిసేపటికి, పగులు ఉంటే, దానిలో దాగిన నూనె సుద్దలోకి ఊరి, గాడి మూల నుంచి సన్నని చెమ్మ గీత బయటకు పాకుతుంది. ఆ గీతను చూసిన తరువాత ఆ కడ్డీని మళ్లీ పడవకు బిగించకూడదు, దాని మీద లోహం పోసి కప్పిపుచ్చకూడదు. మరమ్మతు కళలో ఎక్కడ ఆగాలో తెలియడం కూడా ఒక భాగమేనని నమ్మి ఈ వృత్తి గౌరవాన్ని కాపాడినవారు పాటించిన నియమం ఇది.

ప్రభుత్వం ఈ విషయాన్ని తన భాషలో పట్టించుకుంది. 1917 నాటి దేశాంతర్గత ఆవిరి పడవల చట్టం ప్రయాణికులను మోసే పడవ పొట్టును, యంత్రాన్ని సర్వేయరు పరీక్షించి ధ్రువపత్రం ఇవ్వాలని, ఆ పత్రం ఏడాదికి మించి చెల్లదని నిర్దేశించింది. 1977లో ఆవిరి అన్న మాట తొలగి మరపడవలన్నింటికీ వర్తించే పేరు వచ్చింది, 2021లో దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది. అయితే ఏడాదికొక పరీక్ష అన్న లెక్క రెండు ముఖాలున్న ఈ నదికి చాలదు. ఎండాకాలంలో బండ దెబ్బ తిన్న రెక్క వరదలోకి పోయే ముందు ఎవరో చూడాలి. ఆ చూపు కాగితం మీద కాక రేవు మీద ఉన్న మనిషిది కావాలి.

2019 సెప్టెంబరు 15న దేవీపట్నం ఎగువన పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర, ఐదు లక్షల క్యూసెక్కులు దాటిన వరదలో పర్యాటక బోటు మునిగి అనేకమంది ప్రాణాలు పోయాయి. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం ఇనుప తాళ్లు, లంగర్లతో వెదికి లాగి, 38వ రోజున, అక్టోబరు 22న, బోటును పైకి తీసింది. ఆ దుర్ఘటనకు షాఫ్ట్ కారణమని చెప్పడం ఇక్కడి ఉద్దేశం కాదు. ఆ మలుపులో ప్రవాహం ఎంత బలమైనదో, అటువంటి చోట యంత్రబలం క్షణకాలం తప్పినా ఏమి జరగగలదో దాని ద్వారా రాష్ట్రమంతటికీ తెలిసిందన్నదే చెప్పవలసిన మాట. ఆ తరువాత నది మార్గంలో గండిపోచమ్మ, పేరంటపల్లి, పోచవరం, రాజమహేంద్రవరం వంటి చోట్ల నియంత్రణ గదులు ఏర్పాటయ్యాయి.

ఎగువన, మాచ్‌ఖండ్ నీరే సీలేరుగా మారి నిలిచిన బలిమెల జలాశయంలో మరో రకపు లాంచీ చరిత్ర ఉంది. చిత్రకొండ వైపు నుంచి జలాశయం అవతలి 151 గ్రామాలకు దశాబ్దాల పాటు పడవలు, లాంచీలే ఆధారం. 2008 జూన్ 29న ఆ నీటి మీదనే ఆంధ్రప్రదేశ్ గ్రేహౌండ్స్ పోలీసు బలగం ప్రయాణిస్తున్న లాంచీపై దాడి జరిగింది, 2018లో గురుప్రియ వంతెన తెరుచుకున్నాక ఆ గ్రామాలకు నేల మీద దారి వచ్చింది. అక్కడి నీరు కదలదు కనుక అక్కడి షాఫ్ట్‌కు ఇసుక పెద్ద శత్రువు కాదు. జలాశయం నింపినప్పుడు మునిగిన అడవి మోళ్లే శత్రువు.

పాపికొండల లోయ ఇప్పుడు ఆ దారిలోకే మళ్లుతోంది. 2021 జూన్‌లో పోలవరం దగ్గర గోదావరిని 48 గేట్ల స్పిల్‌వే వైపు మళ్లించిన తరువాత లోయలో నీరు పాత నదిలా పారడం మాని నిలవ నీటి స్వభావం తెచ్చుకుంటోంది, లాంచీలు ఆనకట్టకు ఎగువన గండిపోచమ్మ నుంచి బయలుదేరుతున్నాయి, దేవీపట్నం వైపు ఊళ్లు నీటిలోకి పోయాయి. నీరు నిలిస్తే బరువైన గార్నెట్ ఇసుక ముందుగా జలాశయపు తలభాగంలోనే, కూనవరం, శబరి సంగమం వైపు, దిగిపోతుంది. సన్నని బురద మాత్రమే కింది దాకా తేలుతూ వస్తుంది. అంటే ఇక్కడి బుష్‌లు గీతలు పడి అరిగే రోజులు తగ్గి, మునిగిన ఊళ్ల చెట్లు, గుడిసె గుంజలు, కంచె తీగలు, వదిలేసిన వలలు ఫ్యానుకు చుట్టుకుని కడ్డీని ఒంచే రోజులు పెరుగుతాయి. బుష్ గరగర విని నీరు ఎంత ఎర్రబడిందో చెప్పిన సరంగు ఇకపై మునిగిన ఊరి వీధులు ఏ లోతులో ఉన్నాయో గుర్తుపెట్టుకోవాలి, ఎవరి ఇంటి ముందు ఏ చింతచెట్టు ఉండేదో కూడా.